ఎక్కించడం తేలిక, దించడమే కష్టం

కంప్యూటర్‌లోకి ఏది రావాలో, ఏది పోవాలో తేల్చే హక్కు ఎవరిది? నల్ల తెర మీద టైపు చేసే నాలుగు మాటల్లో దానికి జవాబుంది

ఖరగ్‌పూర్‌ జంక్షన్‌ మీదుగా 2017 నవంబరులో ప్రయాణించిన వారికి ఆ ఇబ్బంది గుర్తుండే ఉంటుంది. ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. కొన్ని దారి మళ్లాయి. కారణం ప్రమాదమూ కాదు, సమ్మే కాదు. ఏళ్ల తరబడి స్టేషన్‌ను నడిపిన పాత రిలే సిగ్నల్‌ వ్యవస్థను దించి, దాని స్థానంలో కంప్యూటర్‌ ఆధారంగా పనిచేసే ఇంటర్‌లాకింగ్‌ను ఎక్కించడం. దాదాపు 800 రూట్లను సంభాళించే ఈ వ్యవస్థ దేశంలోకెల్లా పెద్ద వాటిలో ఒకటి. పాతది పోయి కొత్తది పూర్తిగా చేతికొచ్చేలోపు ఉండే సంధికాలాన్ని రైల్వే వారు ‘నాన్‌ ఇంటర్‌లాకింగ్‌’ అంటారు. ఆ కాలంలో పాయింట్లను మనుషులే సరిచూసి బిగించాలి. రైళ్లు నిదానంగా పాకాలి.

ఇంటర్‌లాకింగ్‌ సూత్రం చిన్నదే. పట్టాల పాయింటు సరిగా లేకపోతే సిగ్నల్‌ పచ్చగా మారకూడదు. సిగ్నల్‌ పచ్చగా ఉన్నంతసేపూ పాయింటు కదలకూడదు. ఒకటి మారాలంటే మిగిలినవి తగిన స్థితిలో ఉండాలి. రైల్వే కార్మికుల ఊరికి పుట్టుకతో తెలిసిన ఈ సూత్రమే ఇంట్లోని కంప్యూటర్‌కూ వర్తిస్తుందని మాత్రం చాలామందికి తట్టదు. కొత్త సాఫ్ట్‌వేర్‌ ఎక్కించినా, పాతది దించినా లోపల జరిగేది పాయింట్లు మార్చడమే. మౌస్‌తో బొమ్మ మీద నొక్కేవారికి ఆ మార్పు కనిపించదు. కమాండ్‌ లైన్‌లో, అంటే నల్ల తెర మీద కర్సర్‌ మిణుకుమంటుంటే మాటలు టైపు చేసి ఆజ్ఞలిచ్చే పద్ధతిలో, ఆ మార్పు వరుసలు వరుసలుగా కళ్ల ముందు కదులుతుంది.

ఆ తెరంటే సామాన్యులకు భయం. అది పాతకాలపు పద్ధతనీ, ఇంజనీర్ల వ్యవహారమనీ, ఒక్క అక్షరం తప్పితే కంప్యూటర్‌ పాడవుతుందనీ ఓ నమ్మకం. ఖరగ్‌పూర్‌లోనే, స్వాతంత్య్ర సమరయోధుల్ని బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఐఐటీలో చదివే విద్యార్థులకు ఆ తెర రోజూ తినే అన్నం లాంటిది. అక్కడి విద్యార్థుల సంఘం ఖరగ్‌పూర్‌ ఓపెన్‌ సోర్స్‌ సొసైటీ చలికాలంలో ‘వింటర్‌ ఆఫ్‌ కోడ్‌’ పేరిట కొత్తవారిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ పనుల్లోకి దింపే కార్యక్రమం నిర్వహిస్తూ వచ్చింది. ఆ దారిలో అడుగుపెట్టే ప్రతివారికీ తొలి పాఠం దాదాపు ఒకటే: కావలసిన ప్యాకేజీని ఎక్కించడం, అక్కర్లేని దాన్ని దించడం. మొదటి సగం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. రెండో సగం నేర్చుకోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

రేకు మొత్తం కదులుతుంది

సాఫ్ట్‌వేర్‌ ప్యాకేజీ ఏనాడూ ఒంటరిగా రాదు. ఉత్తరాలు రాసే ప్రోగ్రాంకు అక్షరాలను తెర మీద పేర్చే మరో ప్రోగ్రాం కావాలి. దానికి ఖతులను చదివే ఇంకొకటి కావాలి. ఇంజన్‌ వెనుక బోగీల్లా ఒకదాని కొక్కెం మరొకదానికి తగిలి ఉంటుంది. 1990ల్లో లినక్స్‌ వాడినవారికి ఈ కొక్కేలే నరకం. ఒక ప్యాకేజీ ఎక్కించబోతే ‘ఫలానాది లేదు’ అనేది. ఫలానాది వెతికి తెస్తే అది ఇంకో రెండింటిని అడిగేది. ఆ రెండింటిలో ఒకటి కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న వేరే దానితో పడనని మొరాయించేది.

దానికి పరిష్కారం చూపిన వాటిలో ముఖ్యమైనది డెబియన్‌. అమెరికా విద్యార్థి ఇయాన్‌ మర్డాక్‌ 1993 ఆగస్టులో ఆరంభించిన ఈ లినక్స్‌ పంపిణీ పేరులో ఆయన స్నేహితురాలు డెబ్రా పేరూ, ఆయన పేరూ కలిసి ఉన్నాయి. ప్యాకేజీని విప్పి కంప్యూటర్‌లో సర్దే డీపీకేజీ అనే పనిముట్టును డెబియన్‌ ముందే సమకూర్చుకుంది. దానిపై 1999లో వచ్చిన డెబియన్‌ 2.1తో ఆప్ట్‌ అనే మరో పనిముట్టు చేరింది. ఏ ప్యాకేజీకి ఏది కావాలో లెక్కగట్టడం, అన్నింటినీ నెట్‌ నుంచి దించుకోవడం, సరైన వరుసలో అమర్చడం ఆప్ట్‌ పని. డీపీకేజీ వర్క్‌షాప్‌లో ఫిట్టరైతే ఆప్ట్‌ యార్డు మాస్టరన్నమాట. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్‌ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. ఉబుంటు మొదలు మన సీ-డాక్‌ తయారుచేసిన బాస్‌ లినక్స్‌ దాకా ఎన్నో పంపిణీలు డెబియన్‌ పునాది మీద లేచినవే.

సెల్‌ఫోన్లలో నేడు అందరూ వాడే యాప్‌ స్టోర్లు వచ్చింది 2008లో. ఒకేచోట నమ్మకమైన గిడ్డంగి, అందులోంచి కావలసింది ఎంచుకోవడం, అవసరమైనప్పుడు అన్నింటినీ కలిపి నవీకరించడం అనే ఏర్పాటును డెబియన్‌ అంతకు దాదాపు పదేళ్ల ముందే నడిపింది. తేడా ఒక్కటే. దుకాణంలో అద్దాల వెనక ఏం జరుగుతుందో కొనుగోలుదారుకు కనిపించదు. గిడ్డంగిలో మాత్రం లెక్కల పుస్తకం తెరిచే ఉంటుంది.

అష్టదిగ్గజాలు ఒక్క ఆజ్ఞతో

తెలుగుకు దీంతో ఏం పని? చాలానే ఉంది. బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పట్టాలు పట్టుకుని వచ్చిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌ వర్క్‌షాపులోనూ, లోకో షెడ్లలోనూ పనిచేస్తూ అక్కడే స్థిరపడ్డాయి. మథురాకాటి, నింపురా వంటి రైల్వే వాడల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఈ సంఖ్యాబలమే 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్‌ మంత్రివర్గం చేత తెలుగుకు అధికార భాష హోదా ఇప్పించింది. మరికొన్ని నెలల్లో శాసనసభ ఎన్నికలున్నాయన్న సంగతీ ఎవరూ మరిచిపోలేదు.

కాగితం మీది హోదాకు ఒక సంతకం చాలు. కంప్యూటర్‌లో భాషకు హోదా రావాలంటే మాత్రం ఖతి కావాలి, కీబోర్డు అమరిక కావాలి, అక్షరదోషాలు పట్టే నిఘంటువు కావాలి. ఇవి కొన్ని పంపిణీల్లో ముందే ఉంటాయి. లేనిచోట తెలుగు వాక్యం బదులు ఖాళీ డబ్బాల వరుస ప్రత్యక్షమవుతుంది. అక్షరాలకు అంతర్జాతీయ స్థానం 1991లోనే దొరికింది. యూనికోడ్‌ తొలి రూపంలోనే తెలుగుకు 128 గడులు కేటాయించారు. గడి ఉన్నంత మాత్రాన అక్షరం కనిపించదు, దాని బొమ్మ గీసిన ఖతి కావాలి. ఆ లోటు తీర్చినవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసినవారే. తిరుమల కృష్ణదేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు తొలితరం యూనికోడ్‌ తెలుగుకు ఆధారమయ్యాయి. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ బృందం మొత్తం ఆపరేటింగ్‌ సిస్టంనే తెలుగులోకి తేవడానికి పూనుకుంది.

డెబియన్‌ గిడ్డంగిలో ఈ శ్రమంతా ప్యాకేజీలుగా సిద్ధంగా ఉంది. నల్ల తెర తెరిచి ‘సూడో ఆప్ట్‌ ఇన్‌స్టాల్‌ ఫాంట్స్‌-తెలు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే చాలు. ఆప్ట్‌ వెంటనే పనికి ఉపక్రమించదు. ఏయే ప్యాకేజీలు కొత్తగా వస్తాయో, ఎన్ని కిలోబైట్లు దించుకోవాలో, డిస్కులో ఎంత చోటు పడుతుందో ముందుగా చెబుతుంది. కొనసాగించమంటారా అని అడుగుతుంది. అవునంటేనే కదులుతుంది.

అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఖతులు ‘తెలుగువిజయం’ పేరిట మరో ప్యాకేజీగా దొరుకుతాయి. ఆ వరుసలోని ఖతులకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన వంటి పేర్లు పెట్టారు. కృష్ణదేవరాయలూ ఉన్నాడు. వ్యావహారిక భాష కోసం పోరాడిన శ్రీకాకుళం ప్రాంతపు గిడుగు రామమూర్తి పేరుతోనూ ఓ ఖతి ఉంది. రాయలు ఏళ్లు పట్టి కొలువుదీర్చిన భువన విజయం ఒక్క ఆజ్ఞతో, ఖరగ్‌పూర్‌ క్వార్టర్‌లోని పాత కంప్యూటర్‌లోనూ కొలువుదీరుతుంది.

ఆజ్ఞ ముందున్న ‘సూడో’ సంగతీ చెప్పుకోవాలి. అది ‘సూపర్‌యూజర్‌ డూ’కు పొట్టి రూపం. కంప్యూటర్‌ యజమాని హోదాలో ఈ ఒక్క పని చెయ్యి అని దాని అర్థం. అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయంలో బాబ్‌ కాగ్‌షల్‌, క్లిఫ్‌ స్పెన్సర్‌ 1980 ప్రాంతంలో దీన్ని రాశారు. సర్వాధికారాలూ రోజంతా చేతిలో పెట్టుకుని తిరగడం ప్రమాదం, అవసరమైన పనికి, అవసరమైనంతసేపు మాత్రమే వాడుకోవాలన్నది దీని వెనకున్న ఆలోచన. రాజ్యాంగ గ్రంథాల్లో పేజీల కొద్దీ వివరించే సూత్రాన్ని కంప్యూటర్‌ నాలుగక్షరాల్లో పాటిస్తుంది.

దించడంలో మూడు రకాలు

ఇక రెండో సగం. అక్కర్లేని ప్యాకేజీని తీసేయడానికి ఆప్ట్‌లో ఒకటి కాదు, మూడు మాటలున్నాయి. ‘రిమూవ్‌’ అంటే ప్రోగ్రాంను తీసేస్తుంది గానీ దాని అమరికలు రాసుకున్న ఫైళ్లను ఉంచుతుంది. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసినా గోడకు మేకులు మిగిలినట్టు. మళ్లీ అదే ప్రోగ్రాం తెచ్చుకుంటే పాత అమరికలు అలాగే దొరుకుతాయి. ‘పర్జ్‌’ అంటే ఆ మేకులూ పీకేస్తుంది. అయితే వాడేవారి సొంత ఫోల్డర్‌లో ప్రోగ్రాం రాసుకున్న వాటిని ఈ రెండూ ముట్టుకోవు. అవి మనిషి సొత్తు, వాటి జోలికి పోయే అధికారం ప్యాకేజీకి లేదని డెబియన్‌ సంప్రదాయం.

మూడోది ‘ఆటోరిమూవ్‌’. ఫలానా ప్యాకేజీని వాడేవారు కోరి తెచ్చుకున్నారా లేక మరొకదానికి తోడుగా వచ్చిందా అన్నది ఆప్ట్‌ గుర్తు పెట్టుకుంటుంది. పెళ్లికొడుకే వెళ్లిపోయాక తోడుపెళ్లికొడుకుకు విడిదెందుకు? అలాంటి అనాథ ప్యాకేజీలన్నింటినీ ఈ ఆజ్ఞ ఒక్కసారిగా సాగనంపుతుంది. చోటు ఆదా అవుతుంది. ప్రమాదమూ ఇక్కడే ఉంది. కొన్ని ప్యాకేజీల్లో అసలు సరుకేమీ ఉండదు, డెస్క్‌టాప్‌కు కావలసిన వందలాది ప్యాకేజీలను కలిపి కట్టిన మూట ముడి మాత్రమే ఉంటుంది. పనికిరాదనుకున్న ఒక చిన్న ప్రోగ్రాంను తీసేస్తే ఆ ముడి ఊడిపోవచ్చు. అప్పుడు మూటలోని మిగిలినవి అనాథలుగా కనిపిస్తాయి. తర్వాత ఎప్పుడో ఆటోరిమూవ్‌ కొడితే కిటికీలు, మెనూలతో సహా ఇల్లే ఖాళీ అవుతుంది.

ఇది ఊహ కాదు. 2021 నవంబరులో కెనడాకు చెందిన లినస్‌ సెబాస్టియన్‌కు దాదాపు ఇలాంటి అనుభవమే ఎదురైంది. కంప్యూటర్ల గురించి వీడియోలు తీసి లక్షలాది అభిమానుల్ని సంపాదించుకున్న ఆయన, లినక్స్‌తో రోజులు గడపగలనా అని పందెం కాసుకున్నారు. పాప్‌ ఓఎస్‌ అనే పంపిణీలో ఆటల కోసం స్టీమ్‌ అనే ప్రోగ్రాం ఎక్కించబోయారు. బొమ్మల మీద నొక్కితే పని జరగలేదు. దాంతో నల్ల తెర తెరిచి ఆజ్ఞ కొట్టారు. ఆ సమయానికి పంపిణీ గిడ్డంగిలోని ప్యాకేజీల మధ్య పొంతన కుదరలేదు. స్టీమ్‌ రావాలంటే డెస్క్‌టాప్‌ పోవాలని ఆప్ట్‌ లెక్క తేల్చింది. ఆ సంగతి దాచలేదు కూడా. అత్యవసరమైన ప్యాకేజీలు తొలగిపోతాయి, ఏం చేస్తున్నారో కచ్చితంగా తెలిస్తే తప్ప ముందుకెళ్లొద్దు అని హెచ్చరించింది. మామూలు ‘వై’ సరిపోదు, ‘యెస్‌, డూ యాజ్‌ ఐ సే’ అని పూర్తి వాక్యం టైపు చేయమంది. ఆయన టైపు చేశారు. కాసేపటికి తెర మీద బొమ్మలన్నీ మాయమై నల్ల తెర మాత్రం మిగిలింది.

తప్పెవరిది? పొంతన లేని ప్యాకేజీలను గిడ్డంగిలో పెట్టినవారిదా, హెచ్చరికను చదివీ ఖాతరు చేయనివారిదా? లినక్స్‌ లోకం రెండుగా చీలి వాదించుకుంది. పాప్‌ ఓఎస్‌ వారు పొరపాటును సరిదిద్దారు. ఆప్ట్‌ రూపకర్తలు సైతం ఆ వాక్యం కొట్టినంత మాత్రాన అత్యవసర ప్యాకేజీలు తొలగిపోకుండా బిగించారు. అయినా వరుసలకు వరుసలు హెచ్చరికలు వచ్చినప్పుడు కళ్లు చివరి ప్రశ్న మీదికే దూకుతాయన్న మానవ స్వభావాన్ని ఏ ప్రోగ్రామూ మార్చలేదు. పైగా మామూలు ప్రశ్నలో ‘వై’ అక్షరం పెద్దదిగా ఉంటుంది. అంటే ఏమీ టైపు చేయకుండా ఎంటర్‌ నొక్కినా అవునన్నట్టే. మౌనం అంగీకార సూచకమన్న లోకోక్తిని కంప్యూటర్‌ అక్షరాలా పాటిస్తుంది.

జాగ్రత్తపడేవారికి దారి ఉంది. ఆజ్ఞలో ‘సిమ్యులేట్‌’ అన్న మాట చేరిస్తే ఆప్ట్‌ దేన్నీ ముట్టుకోకుండా, ముట్టుకుంటే ఏం జరుగుతుందో చెబుతుంది. రైలు వదిలే ముందు లైన్‌ క్లియర్‌ అడగడం లాంటిదే ఇది. పది సెకన్ల పని. ఒక చిన్న ప్యాకేజీ తీసేయమంటే జాబితాలో నలభై పేర్లు కనిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

చిట్టా లేని మార్పు

మార్పు చేయడం ఒక ఎత్తు, చేసిన మార్పును రాసి పెట్టుకోవడం మరో ఎత్తు. ఆప్ట్‌ ఏ రోజు, ఏ గంటకు, ఏ ఆజ్ఞతో, ఏమేం ఎక్కించిందో, దించిందో ‘హిస్టరీ లాగ్‌’ అనే ఫైలులో రాస్తుంది. ఆరు నెలల తర్వాత ఏదో పనిచేయడం లేదని గమనించినప్పుడు ఆ చిట్టా తిరగేస్తే దోషం ఎక్కడ మొదలైందో దొరికే అవకాశం ఎక్కువ. చిట్టాను పట్టించుకునేవారు తక్కువ. అది లేనిచోట ఏమవుతుందో ఖరగ్‌పూర్‌కు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు.

2023 జూన్‌ 2 సాయంత్రం చెన్నై వెళ్లే కోరమాండల్‌ ఎక్స్‌ప్రెస్‌ ఖరగ్‌పూర్‌ దాటి ఒడిశాలోకి ప్రవేశించింది. ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్‌ డివిజన్‌ కిందికే వచ్చే బహానగా బజార్‌ స్టేషన్‌లో మెయిన్‌ లైనుకు సిగ్నల్‌ పచ్చగా ఉంది. పాయింటు మాత్రం లూప్‌ లైను వైపు తిరిగి ఉంది. రైలు ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. పట్టాలు తప్పిన బోగీలు పక్క లైనులో వెళ్తున్న యశ్వంత్‌పూర్‌-హౌరా రైలుకూ తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. పాయింటు సరిగా లేకపోతే సిగ్నల్‌ పచ్చబడకూడదన్న మూల సూత్రమే అక్కడ తప్పింది.

రైల్వే భద్రతా కమిషనర్‌ విచారణలో తేలిన కారణం ఉగ్రవాదమూ కాదు, డ్రైవర్‌ తప్పూ కాదు. గతంలో సిగ్నల్‌ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో లోపాలు. వాటికితోడు లెవెల్‌ క్రాసింగ్‌ గేటు దగ్గర పాత సామగ్రి మార్చే పనిలో వైర్లు తప్పుగా కలపడం. 2022 మేలో ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్‌ స్టేషన్‌లోనూ తప్పుడు వైరింగ్‌ వల్ల ఇలాంటి దోషం తలెత్తిందనీ, దాన్నుంచి పాఠం నేర్చుకుని ఉంటే బహానగా జరిగేది కాదనీ నివేదిక తేల్చింది. ఇంటి కంప్యూటర్‌లో ఖతి పోవడానికీ, అక్కడ ప్రాణాలు పోవడానికీ పోలిక తేవడం తగదు. అయితే రెండింటి నుంచీ వచ్చే నియమం ఒకటే. ఉన్నదానికి, రాసి ఉన్నదానికి తేడా వచ్చిన రోజే ప్రమాదం మొదలవుతుంది. అది బయటపడేది ఎప్పుడో తర్వాత.

నమ్మకమే అసలు కొక్కెం

గిడ్డంగి నుంచి వచ్చే ప్రతి ప్యాకేజీ జాబితాకూ డిజిటల్‌ ముద్ర ఉంటుంది. ఆప్ట్‌ ఆ ముద్రను సరిచూశాకే ముందుకు సాగుతుంది. ముద్ర వేసిన మనిషి మీద నమ్మకాన్ని మాత్రం ఏ ముద్రా పరీక్షించలేదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్‌ అనే చిన్న పనిముట్టు ఉదంతం దీనికి సాక్ష్యం. చాలాకాలంగా దాన్ని ఒంటరిగా మోస్తున్న స్వచ్ఛంద నిర్వాహకుడికి ‘జియా టాన్‌’ పేరుతో ఒకరు తోడయ్యారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. తర్వాత దొంగదారి ఒకటి అందులో అమర్చారు. 2024 మార్చిలో ఆండ్రెస్‌ ఫ్రాయిండ్‌ అనే ఇంజనీర్‌ తన కంప్యూటర్‌లోకి లాగిన్‌ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించి తవ్వకపోతే, ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లకు అది పాకేది. డెబియన్‌ పరీక్షా శాఖల దాకా అప్పటికే వచ్చేసింది.

దించే హక్కు తయారీదారుకూ ఉంటుందా అన్న ప్రశ్న 2016 మార్చిలో లేచింది. ఒక కంపెనీతో పేరు విషయంలో తలెత్తిన వివాదంలో తనకు అన్యాయం జరిగిందని అలిగిన ప్రోగ్రామర్‌ అజెర్‌ కొచులు, ఎన్‌పీఎం అనే గిడ్డంగి నుంచి తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నారు. వాటిలో ‘లెఫ్ట్‌-ప్యాడ్‌’ అనే 11 వరుసల ప్రోగ్రాం ఒకటి. వాక్యానికి ఎడమ పక్క ఖాళీ వదలడం దాని పని. దానికి కొక్కెం తగిలించుకుని ఉన్న వేలాది ప్రోగ్రాంల తయారీ ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయింది. దాదాపు రెండు గంటల్లో గిడ్డంగి యాజమాన్యం దాన్ని తిరిగి పెట్టింది. ప్యాకేజీలను వెనక్కి తీసుకోవడంపై ఆంక్షలూ తెచ్చింది. ఎవరి సొత్తు వారిష్టం అన్న వాదన పదకొండు వరుసల దగ్గర తేలిపోయింది.

మరి కొనుక్కున్న ఫోన్‌ ఎవరి సొత్తు? కొత్త ఫోన్‌ పెట్టె విప్పేసరికే అందులో కోరని యాప్‌లు కొలువై ఉంటాయి. వాటిలో కొన్నింటిని నిద్రపుచ్చవచ్చు గానీ తీసేయలేం. గూగుల్‌కు 2022 అక్టోబరులో రూ. 1,337.76 కోట్ల జరిమానా విధిస్తూ భారత కాంపిటీషన్‌ కమిషన్‌ ఈ అంశాన్నీ ప్రస్తావించింది. ముందుగా ఎక్కించిన గూగుల్‌ యాప్‌లను తొలగించే వీలు వాడేవారికి ఇవ్వాలని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్‌ ట్రైబ్యునల్‌ జరిమానాను సమర్థిస్తూనే ఆ ఆదేశాన్ని, మరికొన్నింటిని పక్కన పెట్టింది. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కంపెనీ సారథి సుందర్‌ పిచాయ్‌ మెటలర్జీ చదివింది ఖరగ్‌పూర్‌ ఐఐటీలోనే కావడం యాదృచ్ఛికం.

ప్రభుత్వానికీ ఈ మోజు లేకపోలేదు. కొత్త ఫోన్లన్నింటిలో ‘సంచార్‌ సాథీ’ యాప్‌ను ముందే ఎక్కించాలని టెలికాం శాఖ 2025 నవంబరు చివర్లో తయారీదారులను ఆదేశించింది. దాన్ని పనిచేయకుండా చేసే వీలుండకూడదన్న షరతు గగ్గోలు పుట్టించింది. వద్దనుకుంటే తీసేసుకోవచ్చని మంత్రి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లోనే తప్పనిసరి నిబంధనను వెనక్కి తీసుకున్నారు. యాప్‌ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. జనం ప్రశ్నించింది ఎక్కించడాన్ని మాత్రమే కాదు, దించనివ్వకపోవడాన్ని.

నల్ల తెరకు ఉన్న రాజకీయ ప్రాముఖ్యం ఇదే. అక్కడ యజమానికి కనిపించని ప్యాకేజీ ఉండదు, తీయరానిదంటూ ఉండదు. తీస్తే ఏమవుతుందో చెప్పడం వరకే కంప్యూటర్‌ వంతు. నిర్ణయం మనిషిది, పర్యవసానమూ మనిషిదే. ఈ పద్ధతి బలం గ్రహించే కాబోలు, అందరికీ కిటికీలు అలవాటు చేసిన మైక్రోసాఫ్ట్‌ సైతం 2020లో ‘వింగెట్‌’ పేరిట విండోస్‌కూ ఇలాంటి ఆజ్ఞల పనిముట్టును ప్రకటించింది. కేంద్రం 2015లోనే ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్‌ సోర్స్‌ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని తెచ్చింది. విధానాలు ఎక్కించినంత తేలిగ్గా అలవాట్లు దిగవు. బడిలో కంప్యూటర్‌ పాఠమంటే ఇంకా చాలాచోట్ల బొమ్మ మీద ఎక్కడ నొక్కాలో చెప్పడమే. ప్రశ్న చదివి, జాబితా చూసి, ఆలోచించి ‘వై’ కొట్టాలా, ‘ఎన్‌’ కొట్టాలా అని తేల్చుకోవడం నేర్పేవారు అరుదు. ఓటరుకైనా, కంప్యూటర్‌ యజమానికైనా మొదట కావలసిన విద్య అదే.

ఖరగ్‌పూర్‌కు ఓ బిరుదుండేది. 1,072.5 మీటర్ల ఆ స్టేషన్‌ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని పిల్లల సాధారణ జ్ఞానం పుస్తకాలన్నీ రాసేవి. 2013లో గోరఖ్‌పూర్‌, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. ఆ బిరుదు దించేటప్పుడు ఊరిని ఎవరూ ‘వై’నా, ‘ఎన్‌’నా అని అడగలేదు. ఇంట్లో కంప్యూటర్‌ మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది. ఎంటర్‌ నొక్కే ముందు పై వరుసలు కాస్త చదివితే చాలు.